అరణ్యము – శిక్షయా? దీక్షయా?

యౌవనారంభము మానవ జీవితమున ఒక సంధికాలము. బాల్యము విడిచిపోవుచుండును, ప్రౌఢత్వము ఇంకను చేరియుండదు. ఈ నడుమ కొందరు పిల్లలు పెద్దల మాట వినరు; చదువు మానుదురు; చెడు సహవాసములకు, మత్తుపదార్థములకు లోనగుదురు. కొందరు ఏ నేరముననో చిక్కుకొని న్యాయస్థానపు మెట్లెక్కుదురు. మరికొందరు ఎవరికిని ఏ కీడును చేయకయే, గది తలుపు మూసికొని, అన్నము ముట్టక, తమలో తామే కుమిలిపోవుదురు. అట్టి బిడ్డ ఉన్న ఇంట తల్లికి నిద్ర ఉండదు. తండ్రి మొదట బుజ్జగించును, పిదప గద్దించును, కడకు నిస్సహాయుడై “వీనిని ఎక్కడికైనను పంపివేసిన గాని బాగుపడడు” అనును.

ఆ “ఎక్కడికైనను” అను మాటలో ఒక గొప్ప ధర్మసందేహము దాగియున్నది. బిడ్డ మేలు కోరి బిడ్డను కష్టములోనికి పంపుట ధర్మమేనా? ధర్మమైనచో ఏ హద్దు వరకు?

ఈ ప్రశ్నను సుమారు ఎనుబది యేండ్లుగా పాశ్చాత్య దేశములు ఒక ప్రత్యేక రూపమున ఎదుర్కొనుచున్నవి. దారి తప్పిన యువతను నాలుగు గోడల నడుమ ఉంచుటకు బదులు కొండలకు, అడవులకు, సముద్రమునకు తీసికొనిపోయి, అచ్చటి సాహసకార్యముల ద్వారా వారి మనస్సులను చక్కదిద్దు పద్ధతి అది. దానిని సాహస చికిత్స అనియు, అరణ్య చికిత్స అనియు వ్యవహరించుచున్నారు. ఆ పద్ధతి ఎందరికో మేలు చేసినది. కొందరి ప్రాణములను బలిగొన్నది. అవే కొండలు, అదే ఎండ, అదే చలి రెండు విధములైన ఫలములను ఏల ఇచ్చెనో విచారింపదగియున్నది.

దీని పుట్టుక రెండవ ప్రపంచ యుద్ధకాలము నాటిది. జర్మను జలాంతర్గాములు బ్రిటను వర్తక నౌకలను ముంచివేయుచుండెడి రోజులవి. ఓడ మునిగిన పిదప చిన్న పడవలలో చలికి, దప్పికకు, నిరాశకు ఎదురొడ్డి నిలువవలసి వచ్చినప్పుడు, బలిష్ఠులైన పడుచువారికంటె వయస్సు మీరిన పాత నావికులే హెచ్చుగా బ్రతికి బయటపడుచున్నారని బ్లూ ఫన్నెల్ నౌకా సంస్థకు చెందిన లారెన్స్ హోల్ట్ అభిప్రాయపడెను. పడుచువారికి కండబలము కొదవ కాదు. కొదవ అయినది గుండెనిబ్బరము. దానిని నేర్పుటకై ఆయన కుర్ట్ హాన్ అను విద్యావేత్తతో కలిసి 1941లో వేల్స్ సముద్రతీరమున అబర్‌డవీ అను ఊర ఒక శిక్షణశాలను నెలకొల్పెను. దానికి ‘ఔట్‌వర్డ్ బౌండ్’ అని పేరు పెట్టిరి. రేవు విడిచి నడిసంద్రమునకు పయనమైన ఓడను నావికులు ఆ మాటతో పిలుతురు.

హాన్ 1886లో జర్మనీలో యూదు కుటుంబమున జన్మించినవాడు. అచ్చట సాలెం పాఠశాలను నడపుచు, హిట్లరు అనుచరులు చేసిన ఒక ఘోరహత్యను 1932లో బాహాటముగా ఖండించి, మరుసటి యేడు కారాగారము పాలయ్యెను. విడుదలయైన పిదప బ్రిటను చేరి, 1934లో స్కాట్లండున గోర్డన్‌స్టన్ పాఠశాలను ప్రారంభించెను. యువకునకు ఉపదేశము చేయు మేలుకంటె, ఆపదలో నున్న మరియొకని కాపాడు అవకాశము చేయు మేలు అధికమని ఆయన విశ్వాసము. అందువలననే ఆయన విద్యార్థులు సముద్రతీరమున కాపలా కాయుట, మంటలనార్పుట, కొండలలో చిక్కుకొన్నవారిని రక్షించుట వంటి పనులను అభ్యసించిరి. లోకమునకు తాను భారమని తలచు బాలుడు, తన చేయి అందనిదే మరియొకడు గట్టెక్కడని తెలిసికొన్ననాడు తన్ను తాను వేరొక కంటితో చూచుకొనును.

ఈ విధానము 1962లో అమెరికాలోని కొలరాడో పర్వతములకు చేరినది. అచ్చటి శిక్షణ సుమారు నాలుగు వారములు. పది పన్నెండుగురు పిల్లలు ఒక జట్టు. వారి వెంట ఒకరిద్దరు శిక్షకులు. తమ బట్టలు, తిండిసామగ్రి, గుడారము తామే మోసికొని నడువవలెను, తామే వండుకొనవలెను. గుడారము వదులుగా కట్టినవాడు ఆ రాత్రి వానలో తడియును. అతనిని ఎవరును తిట్టనక్కరలేదు. వాన తిట్టదు, పగపట్టదు, మొగము చూచి తీర్పు చెప్పదు. మరునాడు అతడు ముడిని గట్టిగా బిగించును. ఇంట వందసార్లు చెప్పినను వినని మాటను వాన ఒక్క రాత్రిలో వినిపించును.

నిట్టనిలువు బండలనెక్కు అభ్యాసము మరియొకటి. ఎక్కువాని నడుమునకు త్రాడు కట్టుదురు. ఆ త్రాడు రెండవ కొసను క్రింద నిలుచున్న మరియొక పిల్లవాడు పట్టుకొని, కొంచెము కొంచెముగా లాగుచు, పైవాడు కాలుజారినచో తన బరువుతో ఆపవలెను. దొంగ అని పేరుపడినవాని చేతిలో, ఎవరును ఒక్క రూపాయి నమ్మి ఈయని వాని చేతిలో, ఇప్పుడు తోటివాని ప్రాణము ఉన్నది. అతడు కన్నార్పక త్రాడును పట్టుకొనును. కడపట ఏకాంతవాసము. ఒకటి మొదలు మూడు దినముల వరకు ప్రతి పిల్లవాడును ఒక చెట్టు క్రిందనో, చెరువు గట్టుననో ఒంటరిగా ఉండును. శిక్షకులు దూరమునుండి క్షేమమరయుచుందురు. మాటలు లేవు, ఆటలు లేవు, నిందింపదగినవాడు ఎవడును ఎదుట లేడు. అట్టి తావున మనస్సు తనంతట తానే తనలోనికి తిరుగును.

ఇది నేరములలో చిక్కుకొన్న బాలురకు పనికివచ్చునా అని మసాచుసెట్స్ రాష్ట్రమున 1960ల నడుమ పరీక్షించిరి. కెల్లీ, బేయర్ అను పరిశోధకులు 15 మొదలు 17 యేండ్ల వయస్సు గల 120 మంది బాలురను రెండు సమూహములుగా విభజించి, 60 మందిని ఈ శిక్షణకు పంపిరి. తక్కిన 60 మందిని మామూలు పద్ధతిలోనే బాలల సంస్థలలోనో, ఇంటివద్ద పర్యవేక్షణలోనో ఉంచిరి. ఒక సంవత్సరము గడచిన పిదప చూడగా, మామూలు పద్ధతిలో ఉంచినవారిలో నూటికి 42 మంది మరల నేరములలో చిక్కుకొనిరి. కొండలకు పోయి వచ్చినవారిలో నూటికి 20 మంది మాత్రమే. ఆ ఫలితము ఎందరికో ఆశ కలిగించినది. అయితే అయిదేండ్లు గడచునప్పటికి ఆ భేదము చాలవరకు తగ్గిపోయినది. ఈ రెండవ సంగతిని లోకము అంతగా పట్టించుకొనలేదు. దానిలోని పాఠము ముందు ముందు తెలియగలదు.

ఆశ ఉన్న చోటికి వ్యాపారము రాకమానదు. 1980ల నాటినుండి యూటా, అరిజోనా వంటి రాష్ట్రముల ఎడారులలో లాభాపేక్షతో నడచు శిబిరములు అనేకము వెలసినవి. వానిలో శ్రద్ధగా, చికిత్సకుల పర్యవేక్షణలో నడచినవియు కలవు. కాని కొన్నింటిలో కష్టమునకే చికిత్స అని పేరు పెట్టిరి. తల్లిదండ్రుల అనుమతితో కిరాయి మనుష్యులు అర్ధరాత్రి పడకగదిలో ప్రవేశించి, నిద్రించుచున్న పిల్లవానిని లేపి, ఎక్కడికో చెప్పక కారెక్కించి తీసికొనిపోవుదురు. ఎక్కడికి పోవుచున్నాము, ఎప్పుడు ఇల్లు చేరుదుము అని అడుగరాదను నియమము కొన్ని శిబిరములలో ఉండెడిది. కడుపు నొప్పి అన్నచో నటన అనిరి. నడువలేను అన్నచో మొండితనము అనిరి.

1990లో ఒకే వేసవిలో రెండు వేర్వేరు శిబిరములలో ఇద్దరు బాలికలు ఎండవేడికి తాళలేక మరణించిరి. 1994లో యూటాలో 16 యేండ్ల బాలుడు తీవ్రమైన ఉదరవ్యాధితో దినదినము కృశించుచున్నను, అది కపటమని శిక్షకులు నమ్మి వైద్యుని పిలువనందున ప్రాణము విడిచెను. 1990 మొదలు 2004 వరకు ఇట్టి ప్రైవేటు సంస్థలలో జరిగిన మరణములలో పదింటిని అమెరికా ప్రభుత్వ గణనపరిశీలక కార్యాలయము పరిశీలించి, 2007లో కాంగ్రెసునకు నివేదించినది. తగిన శిక్షణ లేని సిబ్బంది, చాలని ఆహారము, పట్టించుకొనబడని రోగలక్షణములు ఆ నివేదికలో పదే పదే కానవచ్చును. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో ఒక శిబిరమునకు వచ్చిన మరునాడే 12 యేండ్ల బాలుడు మరణించెను. ఆ సంవత్సరము డిసెంబరులో ఇట్టి సంస్థలపై దేశవ్యాప్తమైన అధ్యయనము జరుపవలెనని ఒక చట్టము చేయబడినది.

పై రెండు చరిత్రలను ప్రక్క ప్రక్కన ఉంచి చూచునప్పుడు శ్రీమద్రామాయణ బాలకాండలోని ఒక ప్రయాణము స్మరణకు వచ్చును. విశ్వామిత్ర మహర్షి దశరథుని కొలువునకు వచ్చి, యాగరక్షణకై శ్రీరాముని తనతో పంపుమనెను. రామునికి ఇంకను పదునారేండ్లు నిండలేదని తండ్రి తల్లడిల్లెను. తానే సేనతో వచ్చెదననెను. వసిష్ఠుడు నచ్చజెప్పిన పిదప, తలిదండ్రులిద్దరును మంగళము పలుకగా, దశరథుడు కుమారుని శిరస్సు మూర్కొని, పట్టపగలు, నిండు కొలువున, మహర్షి చేతిలో పెట్టెను. ఎవరితో పోవుచున్నాడో, ఏ పనికి పోవుచున్నాడో ఆ బాలునకు తెలియును.

మహర్షి పిల్లలను రథమెక్కించి పంపి తాను వెనుక రాలేదు. తానును కాలినడకనే నడిచెను. సరయూ తీరమున ఒకటిన్నర యోజనము నడిచిన పిదప మధురముగా పేరుపెట్టి పిలిచి, ఆకలిదప్పులు, బడలిక బాధింపకుండ బల, అతిబల అను విద్యలనుపదేశించెను. రక్షణ ముందు; పరీక్ష తరువాత. తాటక ఎదురైనది ఆ విద్యలు లభించిన పిమ్మటనే. త్రోవ పొడుగునను ఈ అడవి ఎవరిది, ఈ నీటి ఘోష ఏమి అని రాముడు అడిగిన ప్రతి ప్రశ్నకును ఆయన కథ చెప్పుచు సమాధానమిచ్చెను. ఆ మొదటి రాత్రి రాజకుమారులు అలవాటు లేని గడ్డిపరుపుపై శయనించిరి. అయినను మహర్షి లాలించి పలికిన పలుకులవలన ఆ రాత్రి వారికి సుఖముగానే గడచినదని ఆదికవి చెప్పియున్నాడు.

తెల్లవారినది. ఆకులపై నిదురించుచున్న బాలుని గురువు మేల్కొలిపెను. ధనుర్మాసమున తప్ప తక్కిన దినములలో తిరుమల శ్రీవారి సన్నిధిని వినిపించు సుప్రభాతపు తొలి శ్లోకము ఆ వేళ పలికినదే. ముందుగా తల్లి పేరు తలచి, పిదప బిడ్డను గొప్పగా సంబోధించి, తూర్పు తెల్లవారుచున్నదని తెలిపి, చేయవలసిన పని కలదు లెమ్మని చెప్పుట – ఇది ఆ మేల్కొలుపు తీరు. యాత్రికులు చేతులు జోడించి వినుచున్న ఆ వాక్కు మొట్టమొదట అరణ్యమార్గమున ఒక గురువు పదునారేండ్లు నిండని బాలుని నిదురలేపిన వాక్కు. అర్ధరాత్రి అపరిచితుల చేతులు లేపుటయు మేల్కొలుపే; వేకువను గురువు వాక్కు లేపుటయు మేల్కొలుపే. శిక్షకును దీక్షకును గల భేదమంతయు ఈ రెండు మేల్కొలుపుల నడుమ ఉన్నది.

ప్రహ్లాదుని కథ రెండవ వైపును చూపును. హిరణ్యకశిపుని దృష్టిలో ప్రహ్లాదుడు చెడిపోయిన బిడ్డ. తండ్రి మొదట గురువులకప్పగించెను, దారికి రాలేదని పిదప ఆహారము మాన్పించెను, మంచులో, గాలిలో, నిప్పులో, నీటిలో ఉంచెను, కొండపైనుండి త్రోయించెను. కొండ, చలి, ఆకలి ఇచ్చటను ఉన్నవి. లేనిది ఒక్కటే: ఆ కష్టములో బిడ్డ ప్రక్కన నడచు పెద్దవాడు. బిడ్డను మార్చవలెనను పట్టుదల తప్ప బిడ్డ మాట విందమను కోరిక ఆ తండ్రికి కలుగలేదు. తాను దిద్దుచున్నది బిడ్డనా, తన కోపమునా అని ప్రతి తండ్రియు ఒకసారి తన్ను తాను ప్రశ్నించుకొనుట మంచిది.

ఇచ్చట న్యాయమైన ఆక్షేపమొకటి కలదు. మత్తుమందునకు బానిసయైనవాడు, ప్రాణము తీసికొనబోవువాడు తనంతట తాను చికిత్సకు వత్తునని అనునా? అతని సమ్మతికై వేచియున్నచో బిడ్డయే దక్కకపోవచ్చును గదా! ఈ మాటలో నిజము కలదు. రోగి నోరు మూసికొన్నను వైద్యుడు మందు పోయక తప్పని సమయములుండును. రాముడును విశ్వామిత్రుని వెంట పోవలెనని తానై కోరినవాడు కాడు.

కాని సమ్మతి అనగా మొదటనే ఇష్టపడుట మాత్రమే కాదు. ఎక్కడికో, ఎందుకో, ఎన్నాళ్ళో బిడ్డకు సత్యము చెప్పుట సమ్మతికి తొలి మెట్టు. నొప్పి అన్నప్పుడు నమ్మి వైద్యునకు చూపుట రెండవది. ఇంటికి మాట పంపుకొను దారి తెరచియుంచుట మూడవది. ఇక చాలునని అతడు చెప్పు మాటను విని, తూచి, బదులు చెప్పుట నాలుగవది. ఈ నాలుగును ఉన్నచో అయిష్టముగా బయలుదేరినవాడును నడుమ దారిలో తన యాత్రను తనదిగా చేసికొనును. ఇవి లేనిచో ఇష్టముతో వచ్చినవాడును బందీ అగును. ప్రాణాపాయమున బలవంతము తప్పనిసరి కావచ్చును. అప్పుడును అది ఆసుపత్రికి చేర్చు బలవంతము కావలెను గాని ఎడారికి చేర్చునది కారాదు.

ఇక మసాచుసెట్స్ పరిశోధనలోని రెండవ సంగతి. ఒక యేటికి కనబడిన మేలు అయిదేండ్లకు ఏల తరిగినది? నాలుగు వారములు కొండపై నిలిచిన బాలుడు పిదప దిగివచ్చునది పాత వీధికే, పాత స్నేహితుల నడుమకే, పాత కలహములు నడచు ఇంటికే. మారినవాడు అతడొక్కడే. ఇల్లు మారలేదు. అట్టిచోట కొండపై సంపాదించిన ధైర్యము క్రమముగా కరగిపోవుటలో ఆశ్చర్యము లేదు. కొలరాడో కొండలు ఒక ఆరంభమును మాత్రమే ఈయగలవు.

భాగవతమున ధ్రువోపాఖ్యానము ఈ విషయమునే వేరొక రీతిని తెలుపును. సవతితల్లి మాటకు మనస్సు గాయపడి అయిదేండ్ల ధ్రువుడు అడవికి పోయెను. భగవద్దర్శనము పొంది తిరిగివచ్చునప్పటికి ఇల్లును మారియున్నది. ఉత్తానపాదుడు తన దోషమునకు లోలోన కుమిలి, పశ్చాత్తప్తుడై, రాణులతో ఎదురేగి, బిడ్డను కౌగిలించుకొనెను. సురుచియు పాదములపై వ్రాలిన ధ్రువుని లేవనెత్తి దీవించెను. అంతటి ధ్రువుడును, పెరిగి రాజైన పిదప, తమ్ముడైన ఉత్తముని యక్షుడొకడు చంపగా, కోపము పట్టలేక నిరపరాధులైన యక్షులను పెక్కుమందిని సంహరించెను. అప్పుడు తాతయైన స్వాయంభువ మనువు వచ్చి “చాలు నాయనా” అని వారించెను. శ్రీహరిని కన్నులార చూచినవానికే ఇంటి పెద్ద ఒకడు ఆ తరువాతను కావలసివచ్చెను. నాలుగు వారముల శిక్షణ పొంది వచ్చిన బాలునకు అట్టి పెద్ద అక్కరలేదని ఎట్లు తలపవచ్చును?

భారతదేశపు చట్టమును ఈ దిశగనే చూచుచున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టము నేరములలో చిక్కుకొన్న పిల్లలను నేరస్థులనక “చట్టముతో సంఘర్షణలో ఉన్న బాలలు” అనుచున్నది. కళంకము తెచ్చు పేర్లు వాడరాదని, తన విషయమున బాలుని మాట వినవలెనని, సంస్థలో ఉంచుట కట్టకడపటి ఉపాయమే కావలెనని మూలసూత్రములుగా పేర్కొన్నది. బండ ఎక్కుట తెలుగునాట క్రొత్తయు కాదు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ భువనగిరి బండపై ఓనమాలు దిద్దుకొని, పిదప హిమాలయములలో సాధన చేసి, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమునెక్కిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. వారు దారి తప్పిన పిల్లలు కారు, పేదయింటి పిల్లలు. వారికి కొండ దండనగా రాలేదు, గౌరవముగా వచ్చినది. “నీవు చేయగలవు” అని ఒక పెద్ద నమ్మి చెప్పిన మాటకు పిల్లలు ఎంత ఎత్తుకు ఎదుగగలరో ఆ ఇద్దరు చూపిరి. దారి తప్పినవారికిని కావలసినది అట్టి మాటయే.

కావున బిడ్డను కొండకు పంపుట తప్పు కాదు, పంపివేయుట తప్పు. శిబిరమే కానిండు, దూరపు వసతిగృహమే కానిండు, పంపదలచిన తలిదండ్రులు రుసుము ఎంత అని అడుగుటకు ముందు అడుగవలసినవి కొన్ని కలవు. అచ్చటి పెద్దలు పిల్లలతో నడుతురా, వెనుకనుండి తోలుదురా? పిల్లలు తిన్నదే తిందురా? జ్వరమన్నచో నమ్ముదురా? ఈ ప్రశ్నలకు తగిన బదులు దొరికిన పిదప తమ్ము తాము అడుగుకొనవలసినది ఇంకొకటి: బిడ్డ తిరిగివచ్చునాటికి ఈ ఇంట ఏమి మారియుండును? దశరథుడు రాముని ఇచ్చిన తీరున ఈయగలిగి, ఉత్తానపాదుడు ధ్రువునికి ఎదురేగిన తీరున ఎదురేగగలిగిన తలిదండ్రులకే బిడ్డను అడవికి పంపు అధికారము కలదు.